సినిమా ఎలా ఉందని అడిగితే ఏం చెప్పాలి: చూసిన సినిమాను మనవాళ్లకు చేర్చే పద్ధతి

"సినిమా ఎలా ఉంది?"

పార్కింగ్‌లోంచి బండి తీస్తుండగానే ఫోన్ మోగుతుంది. మనం "బాగుంది" అంటాం. లేదంటే "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అంటాం. అవతలివాళ్లు "సరే" అని పెట్టేస్తారు. రెండున్నర గంటలు చీకట్లో కూర్చున్నాం, ఒకచోట గొంతు పట్టేసింది, ఒకచోట తెలియకుండానే పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నాం. ఇంత జరిగాక నోట్లోంచి వచ్చింది ఆ ఒక్క మాట. దాన్నిబట్టి టికెట్ కొనాలో వద్దో వాళ్లు తేల్చుకోలేరు. మనకేం అయిందో కూడా వాళ్లకి తెలియదు.

నాకు సినిమా చూడటం ఎంత ఇష్టమో, చూసింది ఇంకొకరికి చెప్పడం కూడా అంతే ఇష్టం. మా ఇళ్లల్లో "ఈ ఆదివారం ఏం చూడమంటావే?" అని నన్నే అడుగుతారు. మొదట్లో అందరికీ ఒకే సినిమా, ఒకే మాటలు చెప్పేదాన్ని. కొన్ని బెడిసికొట్టాయి. ఒకటి మా పిన్నిని బాధపెట్టింది కూడా, దాని గురించి కింద రాస్తాను. అలా దెబ్బలు తింటూ నేర్చుకున్న పద్ధతి ఇది. మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

నోటిమాటను తేలిగ్గా తీసుకోకండి. 1980లో కె. విశ్వనాథ్ 'శంకరాభరణం' విడుదలైనప్పుడు అందులో స్టార్ హీరో లేడు. నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు కథానాయకుడు, ఆ పాత్ర వేసిన జె.వి. సోమయాజులు మొహం చాలామంది ప్రేక్షకులకు కొత్త. మొదట్లో థియేటర్లు పలచగా ఉండేవని మా నాన్నతరం వాళ్లు చెప్తారు. చూసినవాళ్లు ఇంటికెళ్లి అమ్మకు, పక్కింటావిడకు, ఆఫీసులో పక్క సీటాయనకు చెప్తేనే జనం కదిలారు. వాళ్లంతా "బాగుంది" అని ఊరుకుని ఉంటే ఆ సినిమా ఏమై ఉండేదో నేను తరచూ అనుకుంటాను.

మొదటి మెట్టు: బయటికొచ్చాక ఒక అరగంట ఎవరి మాటా వినకండి

ఇప్పుడు ఇదే అన్నిటికన్నా కష్టం. పెద్ద సినిమా అయితే మనకు తెల్లవారకముందే అమెరికా ప్రీమియర్ల టాక్ ఫోన్లోకి వచ్చేస్తుంది. డల్లాస్‌లో చూసిన తమ్ముడు "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్" అని పెడతాడు. ఆ ముక్క చదివి హాల్లోకి వెళ్తే, ఇంటర్వెల్ తర్వాత ల్యాగ్ ఎక్కడొస్తుందా అని వెతుకుతూ కూర్చుంటాం. వెతికితే దొరకని ల్యాగ్ ఉండదు.

వెళ్లేముందు టాక్ చెవిన పడకుండా ఆపడం మన చేతిలో లేదు. చూశాక మాత్రం మన చేతిలోనే ఉంది. బయటికి రాగానే రేటింగులు, రివ్యూలు తెరవకండి. టీ తాగుతూనో, ఆటోలో కూర్చునో ఫోన్‌లోని నోట్స్‌లో మూడు ముక్కలు రాసుకోండి.

ఎక్కడ ఒళ్లు మర్చిపోయాను?

ఎక్కడ టైం చూసుకున్నాను?

ఇంటిదాకా వెంట వచ్చింది ఏంటి?

మూడోది చాలా ముఖ్యం. అది పెద్ద సీనే అయ్యుండాలని లేదు. ఒక పాట చరణం కావచ్చు, గోడ మీద వేలాడుతున్న ఒక చొక్కా కావచ్చు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆ మూడు ముక్కలు మళ్లీ చదవండి. రాత్రి మనసులో ఉన్నంత గట్టిగా పొద్దున కూడా ఉంటే అది మీ సొంత స్పందన. పొద్దునకి చల్లారిపోతే అది హాల్లో విజిళ్ల వేడి. అదీ అబద్ధం కాదు. అయితే సినిమా గురించి చెప్పేటప్పుడు "ఫ్యాన్స్ మధ్య చూశాను, ఆ సందడే వేరు" అని కలిపి చెప్పాలి. ఎందుకంటే వినేవాళ్లు అదే సినిమాను బుధవారం రాత్రి టీవీ ముందు ఒంటరిగా చూడబోతున్నారేమో.

రెండో మెట్టు: 'నచ్చింది', 'బాగుంది' వేరు వేరు డబ్బాల్లో వేయండి

'మాయాబజార్' రంగులద్దుకుని 2010లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు మా నాన్నతో వెళ్లాను. తెర మీద డైలాగ్ రావడానికి అర సెకను ముందే నాన్న పెదాలు కదిలేవి. నేను సగం సినిమా తెర వైపు, సగం సినిమా నాన్న మొహం వైపు చూశాను. ఇప్పుడు ఆ సినిమా పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది నాన్న పెదాలు.

కాబట్టి "మాయాబజార్ నాకు ప్రాణం" అన్నప్పుడు అందులో కొంత 1957లో కె.వి. రెడ్డి తీసిన సినిమాది, కొంత మా నాన్నది. మా నాన్న భాగాన్ని ఇంకొకరికి టికెట్‌తో ఇవ్వలేను. ఈ తేడా తెలిశాక నా మాటలు మారాయి. "ఇది నాన్నతో చూశాను, అందుకే నాకు మరీ ఇష్టం. అది పక్కన పెట్టినా ఇది చూడాల్సిన సినిమా, ఎందుకో చెప్తాను" అంటాను. వినేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

దీనికి తిరగేసి ఉన్న సంగతి కూడా ఉంటుంది. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' పనితనం చాలా గట్టిదని నేను ఒప్పుకుంటాను. నటన, నేపథ్య సంగీతం, దాదాపు మూడు గంటలు కుర్చీలోంచి లేవనివ్వని తీరు, అన్నీ ఉన్నాయి. అందులో హీరో, హీరోయిన్ తరఫున అన్నీ తనే నిర్ణయించేసే పద్ధతి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎవరైనా అడిగితే రెండు ముక్కలూ చెప్తాను. ఒకటి చెప్పి ఒకటి దాచను. పనితనం నచ్చింది కదా అని అసౌకర్యాన్ని మింగేస్తే నేను చెప్పేది సగమే. అసౌకర్యం ఉంది కదా అని పనితనాన్ని కొట్టిపారేసినా సగమే.

మూడో మెట్టు: ముందు మనిషిని చూడండి, తర్వాత సినిమాను

ఈ పద్ధతి మొత్తంలో గుండెకాయ ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం' వచ్చింది. తెలంగాణ పల్లెలో ఒక ఇంటి పెద్ద చనిపోతాడు. మూడో రోజు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఎందుకు ముట్టలేదన్న ప్రశ్న చుట్టూ కుటుంబంలో ఏళ్లుగా మూలుగుతున్న పంతాలన్నీ బయటికొస్తాయి. ఊళ్లల్లో రాత్రిపూట తెర కట్టి, జనమంతా కింద కూర్చుని ఆ సినిమా చూశారు. నేను చూసి రెండు రోజులు దాన్నుంచి తేరుకోలేదు. తెలిసినవాళ్లందరికీ ఒకే మెసేజ్ పెట్టాను: "బలగం చూడండి. మంచి కుటుంబ కథ. చాలా బాగుంది."

ఆ మెసేజ్ భీమవరంలో ఉన్న మా పిన్నికి కూడా వెళ్లింది. మా బాబాయ్ పోయి అప్పటికి ఐదు నెలలు.

నాకు ఆ సంగతి తెలియక కాదు. పదకొండో రోజు నేను అక్కడే ఉన్నాను. సినిమా మత్తులో 'పిన్నికి మంచి సినిమా చెప్తున్నాను' అనుకున్నానే తప్ప, పిన్ని ఏ ఇంట్లో, ఏ కుర్చీ పక్కన కూర్చుని చూస్తుందో ఆలోచించలేదు. నాలుగు రోజులు పిన్ని నుంచి జవాబు లేదు. తర్వాత మా చెల్లి చెప్పింది: "అమ్మ ఇరవై నిమిషాలు చూసి టీవీ ఆపేసిందక్కా. ఆ రాత్రి భోంచెయ్యలేదు." వెంటనే పిన్నికి ఫోన్ చేసి క్షమించమన్నాను. "సినిమా తప్పు కాదులేవే" అంది. నిజమే, సినిమా తప్పు కాదు, తప్పు నాదే.

అప్పట్నుంచి ఎవరికి ఏ సినిమా చెప్పాలన్నా ముందు కొన్ని విషయాలు ఆలోచిస్తాను. కొన్ని నాకే తెలుస్తాయి, కొన్ని అడగాలి.

ఇంట్లో ఇప్పుడేం నడుస్తోంది? చావు, జబ్బు, విడాకులు, గర్భం, పరీక్షలు, ఉద్యోగం పోవడం, ఇవి సినిమాలో ఎక్కడున్నా ముందే చెప్పాలి. చూడొద్దని చెప్పడం కాదు. "ఇందులో ఆసుపత్రి సీన్లు ఎక్కువ, నీకు ఇప్పుడు ఓపిక ఉంటే చూడు" అంటే చాలు, తేల్చుకోవడం వాళ్ల ఇష్టం. దుఃఖంలో ఉన్న కొందరికి అలాంటి కథే కావాలి, కొందరికి ఏడాది పోయినా వద్దు. అది మనం బయటినుంచి చెప్పలేం.

ఎవరితో కూర్చుని చూస్తారు? మా వదినకు ఒంటరిగా దొరికే సమయం రాత్రి పదకొండు తర్వాతే. ఆమెకు థ్రిల్లర్ చెప్పొచ్చు. అదే వదిన మధ్యాహ్నం అత్తగారితో, ఎనిమిదేళ్ల పిల్లాడితో కూర్చుని చూస్తానంటే నేను చెప్పే సినిమా వేరు. మనిషి ఒక్కరే అయినా గది మారితే సినిమా మారుతుంది.

వాళ్లకు ఎంత సమయం ఉంది? పొద్దున్నే డ్యూటీ ఉన్నవాళ్లకు శుక్రవారం రాత్రి మూడు గంటల సినిమా చెప్పడం మేలు చెయ్యడం కాదు.

ఏం తట్టుకోలేరు? రక్తమా, పిల్లల మీద హింసా, పాములా? మా అక్కకు సినిమాలో కుక్క చచ్చిపోతే చాలు, మిగతాదంతా పాడైపోతుంది. ముందు నవ్వాను. ఇప్పుడు ఆమెకు చెప్పే ప్రతి సినిమాలో కుక్క ఉందా, చివరికి ఏమవుతుంది అని చూసుకుని మరీ చెప్తాను.

చివరిగా ఈమధ్య చూసి ఇష్టపడింది ఏంటి? ఈ ఒక్క ప్రశ్న "నీకు ఎలాంటి సినిమాలు ఇష్టం?" అనేదానికన్నా వెయ్యి రెట్లు మేలు. ఇష్టాలు అడిగితే జనం గొప్పవాటి పేర్లు చెప్తారు. చివరిగా ఏం చూశావంటే నిజం చెప్తారు. దానికి కొనసాగింపుగా "అందులో ఎక్కడ బాగా అనిపించింది?" అని అడగండి. ఆ జవాబులోనే మీరు చెప్పాల్సిన తర్వాతి సినిమా ఉంటుంది.

నాలుగో మెట్టు: కథ ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి

కథ అసలు చెప్పకపోతే వాళ్లు కదలరు. అంతా చెప్తే చూడాల్సిన పని ఉండదు. నేను పాటించే లెక్క సులువైంది: కథ మొదట్లో తెలిసేదాకా చెప్పొచ్చు, అక్కడ ఒక ప్రశ్న దగ్గర ఆపాలి. బలగంలో కాకి ముద్ద ముట్టలేదన్నది ప్రశ్న. ఎందుకు అన్నది సినిమా. రాజమౌళి 'ఈగ'లో ఈగ పగ తీర్చుకుంటుందన్నది అందరికీ తెలిసిందే, అది దాచాల్సిన పనే లేదు. అంత చిన్న ప్రాణి అంత పెద్ద మనిషిని ఏం చెయ్యగలదన్నదే చూడాల్సింది.

ప్రశ్న ఎంత బలమైందో 'బాహుబలి' చూపించింది. 2015 జులై 10న మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్ 28న రెండోది వచ్చేదాకా కట్టప్ప ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్నను జనం నోళ్లలో పెట్టుకుని మోశారు. రెండో భాగం వచ్చిన మొదటి రోజు పొద్దునే చూసినవాళ్లలో చాలామంది ఆ జవాబు బయటపెట్టకుండా ఆగారు. నేనూ ఆగాను, ఆఫీసులో మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను. అది ఇంకొకరి ఆనందాన్ని కాపాడటమని అప్పుడే అర్థమైంది.

ఇక్కడ చాలామంది గమనించని పొరపాటు ఒకటుంది. "చివర్లో ట్విస్ట్ ఉంటుంది, నేను చెప్పను" అంటారు. చెప్పేశారు! ట్విస్ట్ ఉందని తెలిసినవాడు ఇక కథలో ఉండడు, పోలీసులా ప్రతి పాత్రనూ అనుమానిస్తూ కూర్చుంటాడు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' గురించి నేను చెప్పేది ఇంతే: విశాఖలోని కంచరపాలెంలో నాలుగు ప్రేమకథలు, నాలుగు వయసులు, నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే. ఇక నోరు మూసుకుంటాను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా ఆ సినిమాకు అన్యాయం.

పాత సినిమాలకు ఈ నియమం వర్తించదని కొందరంటారు. నేను ఒప్పుకోను. పదహారేళ్ల పిల్లకు 'మల్లీశ్వరి' కొత్త సినిమానే.

ఐదో మెట్టు: ఒక్క సీను దగ్గరగా చూపించండి

మన మాటల్లో అరిగిపోయినవి చాలా ఉన్నాయి. పాత్రలో జీవించాడు, గూస్‌బంప్స్, నెక్స్ట్ లెవెల్, విజువల్ వండర్, ఫీల్ గుడ్. వీటిలో ఏ ముక్కనైనా తీసి ఇంకో సినిమాకు అతికించొచ్చు, అతుక్కుంటుంది. ఒక సినిమా గురించి చెప్పింది ఇంకో సినిమాకు అతుక్కుంటే మనం దాని గురించి ఇంకా ఏమీ చెప్పనట్టే.

నేను ఒకప్పుడు మాయాబజార్ గురించి ఇలా చెప్పేదాన్ని: "సావిత్రి నటన అద్భుతం. పాత్రలో జీవించింది."

ఇప్పుడు ఇలా చెప్తాను: "ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఆ ఇంట్లో దూరతాడు. అంటే తెర మీద ఉన్నది సావిత్రి, కానీ లోపలున్నది ఎస్వీ రంగారావు. చీర, నగలు, కళ్లు అన్నీ శశిరేఖవే. పాట పాడుతుంటే సుశీల గొంతు మధ్యలో ఉన్నట్టుండి ఘంటసాల గొంతు దూరుతుంది, ఆ క్షణంలో ఆవిడ ఒంట్లోకి ఒక మగ విరుపు వచ్చేస్తుంది. వెంటనే సర్దుకుంటుంది. పెళ్లిలో లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు చూడు, ఆ బరువు సావిత్రిది కాదు, రాక్షసుడిది."

రెండోదాంట్లో పొగడ్త ఒక్కటీ లేదు. ఏం జరిగిందో అంతే ఉంది. ఇది విన్న మా మేనకోడలు ఆ సీను దాకా ఓపిగ్గా చూసింది, ఎందుకంటే ఏం చూడాలో తెలుసు.

పద్ధతి ఏంటంటే, సీనును ఎంచుకున్నాక మూడు పనులు చెయ్యండి. కంటికి కనిపించింది చెప్పండి, చెవికి వినిపించింది చెప్పండి, ఆ క్షణంలో మీ ఒంటికి ఏమైందో చెప్పండి. కథలో దాని అర్థం ఏంటో చెప్పకండి.

2019లో గౌతమ్ తిన్ననూరి తీసిన 'జెర్సీ'లో రైల్వే స్టేషన్ సీను ఉంది. నేను దాన్ని ఇలా చెప్తాను: "నాని ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటాడు. రైలు వస్తుంది. ఆ చప్పుడు చెవులు నింపేశాక అప్పుడు అరుస్తాడు. ఆ అరుపు ఎవరికీ వినపడకూడదు అని రైలు కోసం ఆగాడని నాకనిపించింది. నా గొంతు పట్టేసింది, మంచినీళ్ల సీసా మూత తీసి తాగడం మర్చిపోయి అలాగే పట్టుకున్నాను." ఎందుకు అరిచాడో చెప్పను. అది తెలుసుకోవాలంటే చూడాలి. కావాలంటే ఒక్కటి కలుపుతాను: ముప్ఫై ఆరేళ్ల మనిషి, కొడుకు అడిగిన ఐదొందల రూపాయల జెర్సీ కొనలేని తండ్రి. ఇల్లు నడిపే ఏ మనిషికైనా అది చాలు.

గమనించండి, "నాకనిపించింది" అన్నాను. దర్శకుడి ఉద్దేశం అదేనని నేను చెప్పలేను. మన ఊహను మన ఊహగానే చెప్తే, వినేవాళ్లు తమ ఊహకు చోటు మిగుల్చుకుంటారు.

ఆరో మెట్టు: అడ్డంకిని ముందే చెప్పండి

ప్రతి మంచి సినిమాకూ ఒక గడప ఉంటుంది, కాలికి తగులుతుంది. దాన్ని దాచి పంపితే మనిషి అక్కడే పడి వెనక్కొస్తాడు.

గోదావరి జిల్లాల్లో పెరిగిన మా వాళ్లకు బలగం చెప్పేటప్పుడు యాస గురించి తప్పకుండా చెప్తాను. "మొదటి పది నిమిషాలు కొన్ని మాటలు కొత్తగా ఉంటాయి. ఆగకు, చెవి అలవాటు పడుతుంది. తర్వాత ఆ యాసలో తప్ప ఇంకెలా చెప్పినా ఈ కథ పండదని నీకే తెలుస్తుంది." పాత సినిమాలైతే "పాటలు ఎక్కువ, నిడివి మూడు గంటలు, రెండు రాత్రులు పంచుకుని చూడు" అంటాను. కంచరపాలెంకైతే "తెలిసిన మొహాలు ఉండవు, అదే దాని అందం" అంటాను.

లోపం కూడా అంతే. "సెకండాఫ్‌లో ఒక పావుగంట సాగుతుంది, కానీ క్లైమాక్స్ కోసం ఆగు" అంటే వాళ్లు ఆగుతారు. లోపం చెప్పినందుకు సినిమా విలువ తగ్గదు, మీ మాట విలువ పెరుగుతుంది.

ఏడో మెట్టు: అడ్రస్ సరిగ్గా ఇవ్వండి

ఇది చిన్న పని, త్వరగా అయిపోతుంది, కానీ సగం మంది ఇక్కడే తప్పిపోతారు. సినిమా పూర్తి పేరు, వచ్చిన ఏడాది, ఏ భాష, ఎంత నిడివి, ఏ ఓటీటీలో ఉంది. ఓటీటీలో ఇవాళ ఉన్నది వచ్చే నెల ఉండకపోవచ్చు, కాబట్టి పంపే రోజు ఒకసారి వెతికి చూసుకోండి.

ఒకే పేరుతో రెండు మూడు సినిమాలుంటాయి. 'దృశ్యం' చూడమంటే మోహన్‌లాల్ నటించిన 2013 మలయాళమా, వెంకటేష్ నటించిన 2014 తెలుగా? మలయాళం అయితే సబ్‌టైటిల్స్‌తో చూడమంటున్నారా? అమ్మమ్మకు సబ్‌టైటిల్స్ అంటే కళ్లకు శ్రమ, ఆమెకు తెలుగుదే చెప్పండి. 'మల్లీశ్వరి' అంటే భానుమతిదా, వెంకటేష్‌దా అన్నది కూడా చెప్పకపోతే ఇంట్లో గొడవే.

పిల్లలతో చూసేవాళ్లకు సర్టిఫికెట్ చెప్పండి. 2024 నుంచి యూఏను వయసును బట్టి 7+, 13+, 16+ అని విడదీశారు. ఇదివరకు ఒక్క యూఏ అని ఉంటే తల్లిదండ్రులకు ఏమీ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు కాస్త నయం. అయినా సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా "ముద్దు సీను ఒకటుంది", "బూతులున్నాయి", "తాగుడు ఎక్కువ" అని మాటగా చెప్పడం మంచిది.

ఎనిమిదో మెట్టు: ఒకసారికి ఒక్క సినిమా

"చూడాల్సిన పాతిక సినిమాలు" అని లిస్ట్ పంపితే ఎవరూ ఒక్కటి కూడా చూడరు. నా ఫోన్లోనే అలాంటివి నాలుగున్నాయి, ఒక్కటీ తెరవలేదు. ఒక్క మనిషికి, ఒక్క సినిమా, ఎందుకు ఆ మనిషికే చెప్తున్నారో ఒక కారణం. ఇంతే పంపండి.

మొన్న మా బావగారికి పంపిన మెసేజ్ ఇక్కడ పెడుతున్నాను. ఆయన బ్యాంకులో రిటైరయ్యారు, క్రికెట్ పిచ్చి, కొడుకు కెనడాలో ఉంటాడు.

"బావగారూ, ఈ వారం వీలు చూసుకుని జెర్సీ చూడండి. నాని నటించింది, 2019, తెలుగుదే, హిందీ రీమేక్ కాదు. రెండున్నర గంటలు దాటుతుంది. క్రికెట్ ఆడటం మానేసిన ఒక మనిషి, అతని కొడుకు అడిగిన ఒక చిన్న కోరిక, అంతే కథ. మీరు టీవీ ముందు బ్యాట్ పట్టుకున్నట్టు చెయ్యి తిప్పుతారే, అందుకని మీరు గుర్తొచ్చారు. మధ్యలో ఇంట్లో గొడవల సీన్లు కాస్త బరువుగా ఉంటాయి, ఓపిక పట్టండి. చివరిదాకా చూశాకే నాకు ఫోన్ చెయ్యండి. అక్కయ్యను కూడా కూర్చోబెట్టండి."

ఇందులో పేరు, ఏడాది, నిడివి ఉన్నాయి. కథ ప్రశ్న దగ్గర ఆగింది. అడ్డంకి ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆయన చెయ్యి తిప్పడం ఉంది. అదే లేకపోతే ఈ మెసేజ్ ఎవరికైనా పంపొచ్చు. ఎవరికైనా పంపగలిగేదాన్ని ఎవరూ పట్టించుకోరు.

మెసేజ్ కన్నా వాయిస్ మంచిదా అని అడుగుతారు. పెద్దవాళ్లకు వాయిస్ మంచిది, మీ గొంతులో ఉన్న ఉత్సాహం వాళ్లకు అందుతుంది. నిమిషం దాటనివ్వకండి. పేరు, ఏడాది మాత్రం విడిగా టైప్ చేసి పెట్టండి, వెతుక్కోవడానికి.

తొమ్మిదో మెట్టు: వాళ్లు చూశాక వినండి

చెప్పి వదిలెయ్యడం సగం పని. చూశాక వాళ్లేమన్నారో వినడం మిగతా సగం. "ఎలా ఉంది?" అని అడగకండి, మళ్లీ "బాగుంది" అని వస్తుంది. "ఎక్కడ ఆపి నీళ్లు తాగారు?" "ఎవరి మీద కోపం వచ్చింది?" "ఏ పాత్ర మీకు తెలిసినవాళ్లలా ఉంది?" అని అడగండి. చివరి ప్రశ్నకు మా అమ్మ ఎప్పుడూ అరగంట మాట్లాడుతుంది.

నచ్చలేదంటే వాదించొద్దు. నాకూ మొదట్లో ఉడుకు వచ్చేది, నన్నే కాదన్నట్టు అనిపించేది. ఇప్పుడు "ఎక్కడ వదిలేసింది నిన్ను?" అని అడుగుతాను. మేం బాబు అని పిలుచుకునే మా పెద్దన్నయ్య కంచరపాలెం చూసి "నాకు ఎక్కలేదు" అన్నాడు. ఎక్కడ అని అడిగితే, "అంతమంది కథలు ఒకేసారి చెప్తుంటే ఎవరితోనూ ఉండలేకపోయాను" అన్నాడు. అది నాకు కొత్త సమాచారం. బాబుకు ఒక్కరి వెంటే నడిచే కథ కావాలి. తర్వాత అతనికి చెప్పిన మూడు సినిమాలూ నచ్చాయి.

ఇదంతా రాసుకోవడానికి నా దగ్గర పాత డైరీ ఉంది. ఒక్కో మనిషికి ఒక పేజీ. ఏం చెప్పాను, ఏ తేదీన, ఏమన్నారు, వాళ్లు నాకు తిరిగి ఏం చెప్పారు. తిరిగి చెప్పింది చూడటం మర్చిపోవద్దు. మనం చెప్పింది వాళ్లు చూసి, వాళ్లు చెప్పింది మనం చూడకపోతే, మూడోసారి మన ఫోన్ రాదు.

ఆ డైరీలో పిన్ని పేజీలో 'బలగం' పక్కన చాలాకాలం ఒక అడ్డగీత మాత్రమే ఉంది. నేను మళ్లీ ఆ సినిమా ఊసెత్తలేదు. వేరే సినిమాలు చెప్పాను, ఎక్కువగా నవ్వించేవి. బాబాయ్ సంవత్సరీకం అయిన రెండు వారాలకు ఒక మధ్యాహ్నం పిన్నే ఫోన్ చేసింది. "ఆ సినిమా చూశానే. మొత్తం చూశాను" అంది. నేనేం మాట్లాడలేదు. "ముద్ద పెట్టి అందరూ ఆకాశం వైపు చూస్తుంటారు చూడు, అక్కడ ఆపి కాసేపు కూర్చున్నాను. మనం కూడా డాబా మీద అలాగే నిలబడ్డాం కదా. మీ బాబాయ్‌కి కాకి వెంటనే వచ్చింది, గుర్తుందా?"

గుర్తుందన్నాను. ఆ రోజు తేదీ వేసి, పిన్ని అన్న మాటలు అన్నట్టుగానే ఆ పేజీలో రాసుకున్నాను.